వెండి మట్టె, ఆకుపచ్చ పొడి

జగ్గారావు పుట్టగొడుగుల క్లబ్బుకి వెళ్లింది నేర్చుకోవడానికి కాదు, దెబ్బలాడడానికి.

గోల్‌బజార్‌లో చేపలవాళ్ల వరస చివర, ఆ క్లబ్బువాళ్లు గోడకి అంటించిన కాగితం మీద ఒక పుట్టగొడుగు బొమ్మ చూశాడు. తెల్లటి గొడుగు, మీద గోధుమరంగు పొలుసులు. కింద బెంగాలీలో, హిందీలో, తెలుగులో ఒకటే మాట: తినవద్దు. అది తన పుట్టగొడుగు. కిందటేడు వానల్లో తన చేత్తో ఏరి, ఇంటికి తెచ్చి, కోడలి చేత వండించిన పుట్టగొడుగు. ఆ కూర అందరికన్నా ముందు తిన్న భార్య రత్నం రెండు గంటలకి వాంతులతో పడిపోయింది. మూడు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకుంటూ పడుకుంది.

ముప్ఫై ఏడేళ్లు రైల్వే వర్క్‌షాపులో బోగీల ఇరుసుల్లో పగుళ్లు వెతికిన మనిషి ఆయన. ఇరుసుకి నూనె పట్టించి, తుడిచేసి, పైన సుద్ద రాస్తే, పగులున్న చోట లోపలి నూనె ఊరి నల్లగీత పడుతుంది. అలాంటి గీత చూసి ఆయన పక్కన పెట్టించిన ఇరుసుకి పెద్ద ఇంజినీరు కూడా అడ్డం చెప్పేవాడు కాదు. రిటైరై రెండేళ్లయింది. సుభాష్‌పల్లి ఇంట్లో ఇప్పుడు టీవీలో ఏది పెట్టాలో కూడా ఆయన్ని ఎవరూ అడగరు. ఆయన మాట చెల్లేది పుట్టగొడుగుల దగ్గరే.

దానికీ ఒక పరీక్ష ఉంది. పలాస దగ్గర పల్లె నుంచి వాళ్లమ్మ ఈ బెంగాలీ రైల్వే ఊరికి తెచ్చిన పరీక్ష. కూర ఉడికేటప్పుడే వెండి మట్టె అందులో వెయ్యాలి. నల్లబడితే విషం. తెల్లగా ఉంటే తినొచ్చు. అమ్మ పోయాక ఆమె మట్టె ఈయన దగ్గరికి వచ్చింది.

కిందటేడు మట్టె తెల్లగానే తేలింది. అయినా రత్నం పడిపోయింది. మట్టె అబద్ధం చెప్పదు. తన కన్ను పొరపడదు. ఇక మిగిలింది కోడలు సత్యవాణి. “పొయ్యి మీంచి దింపినాక ఏసుంటాది. అడిగితే ముందే ఏసినానంటాది” అని ముందు ఇంట్లో అన్నాడు. తర్వాత పక్కింటి సింహాచలమ్మతో అన్నాడు. ఆ తర్వాత పూరీ గేట్ దగ్గర టీ కొట్లో, పాత వర్క్‌షాపు నేస్తం అప్పలకొండతో అన్నాడు. మాట పెళ్లిళ్లదాకా పాకింది. చుట్టాలొస్తే సత్యవాణి వడ్డించిన కూరని వాసన చూసి ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు. ఏడాదిగా ఆమె వండుతోంది, వడ్డిస్తోంది. మామగారితో అవసరమైన మాట తప్ప మాట్లాడడం లేదు.

క్లబ్బు నడిపే మహతి బళ్లో సైన్సు టీచరు. ఆదివారం తెల్లారగానే పదిమందిని వెంటేసుకుని ఊరి బయట సాలచెట్ల అడవిలోకి బయల్దేరింది. అందరి మెళ్లో కెమెరాలు, కాళ్లకి కొత్త బూట్లు. చెప్పులతో వచ్చింది జగ్గారావు ఒక్కడే.

“ఇక్కడ ఏరినవి ఎవరూ ఇంటికి తీసుకెళ్లి వండకూడదు” అంది మహతి.

“వొండుకోడానికి కాకపోతే యీ బురదలోకెందుకమ్మా? దండమెట్టడానికా?”

అందరూ నవ్వారు. మహతి కూడా నవ్వింది. “పేరు తెలుసుకోడానికి అంకుల్.”

“పేరెట్టడానికి యిదేటి, బారసాలా?”

తిరిగొచ్చేటప్పుడు ఆటల మైదానం పక్క గడ్డిలో అవి కనిపించాయి. వాటికోసమే వచ్చాడాయన. “యివే. ముప్పయ్యేళ్లు తిన్నాం. మీరు గోడకెక్కించి తినొద్దంటన్నారు” అన్నాడు గట్టిగా.

“ముప్ఫయ్యేళ్లూ ఈ గడ్డిలోనే ఏరారా అంకుల్?”

ఔననబోయాడు. అమ్మ ఏరేది చెదపుట్టల మీద. తనూ ఏటేటా అడవిలోకి వెళ్లి పుట్టల మీదే ఏరేవాడు. కిందటేడు మోకాలు వాచింది. మైదానం దగ్గర, అడవి దూరం. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. “యెక్కడైతే ఏటి?” అన్నాడు చివరికి.

మహతి వాదించలేదు. ఒక గొడుగుని కాడ దగ్గర కోసి, తెల్ల కాగితంతో పాటు ఆయన చేతికిచ్చింది. “ఇంటికెళ్లాక దీన్ని కాగితం మీద బోర్లించి, పైన గిన్నె మూయండి. గొడుగు కింది మడతల్లోంచి పొడి రాలుతుంది. రేపు పొద్దున్న తీసి చూడండి. లేత గులాబీరంగులో ఉంటే మీ మాట నిజం. ఆకుపచ్చగా ఉంటే ఆ గోడమీది కాగితం నిజం.”

సుద్ద పరీక్ష లాంటిదే, అనుకున్నాడు జగ్గారావు. ఎవరి మాటా అడగని పరీక్ష. అది ఆయనకి నచ్చింది. నచ్చినందుకే భయం కూడా వేసింది. ఎవరూ చూడకుండా మరో రెండు పుట్టగొడుగులు జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న గిన్నె తీస్తే కాగితం మీద బూజు పట్టిన రొట్టె రంగులో ఆకుపచ్చ పొడి.

ఆయన పెరట్లోకి వెళ్లి, పాత రేకుడబ్బాలో నీళ్లు పోసి, జేబులో తెచ్చిన రెంటినీ కోసి వేశాడు. నీళ్లు మరగక ముందే మట్టె కూడా వేశాడు. పావుగంట కదలకుండా కూర్చున్నాడు. తర్వాత పుల్లతో మట్టె పైకి తీశాడు. తళతళలాడుతోంది.

“ఏటి మావయ్యా, పొద్దున్నే పొయ్యెట్టినారు?” నీళ్ల కోసం వచ్చిన సత్యవాణి అడిగింది.

ఆయన తలెత్తలేదు. “యిది విషమమ్మా. మట్టె సూడు, తెల్లగుంది. నువ్వు ముందే ఏసినావు. నానే గడ్డిలో ఏరినాను. మోకాలు నొప్పెట్టి పుట్టల కాడికి ఎల్లలేదు.”

సత్యవాణి బిందె కింద పెట్టింది. డబ్బాలోకి చూసింది. “నాకు సెప్పీదేటి? నాకు తెల్సిందే. తెలీనోలకి సెప్పండి.”

కాగితం, మట్టె ముందు రత్నానికి చూపించి, అవి పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. సింహాచలమ్మ అంతా విని బుగ్గన వేలేసుకుంది. “కోడలు బువ్వెట్టనన్నాదా, జగ్గన్నా? ముసిలితనంలో ముద్ద కోసం మాట మార్సీసినావు.”

“కాదమ్మా, యీ పచ్చరంగు సూడు.”

“రంగేటి సూసీది! హోళీనాడు సూసినాను బోల్డు.”

పూరీ గేట్ టీ కొట్లో అప్పలకొండ భుజం తట్టాడు. “బాగా సేసినావురా. యింటి ఆడదాన్ని మనమే కాసుకోవాల. నాను ఎవులికీ సెప్పన్లే.”

జగ్గారావు టీ తాగకుండా లేచాడు. ఏడాది కిందట ఉత్త చేతులతో అబద్ధం చెప్తే ఒక్కడూ రుజువు అడగలేదు. కోడలి మీద మాటకి ఈ ఊళ్లో రుజువు అక్కర్లేదు. ఇప్పుడు రుజువు చేత్తో పట్టుకుని తిరుగుతుంటే, ముసలాడి మంచితనం అని మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు ఆయనకి తిట్టు కన్నా చేదుగా ఉంది. మిట్టమధ్యాహ్నం దాకా మరో మూడిళ్లు తిరిగి, కుంటుకుంటూ ఇంటికొచ్చాడు.

సత్యవాణి కంచం పెట్టింది. ఏడాదిలో మొదటిసారి తనంతట తను అడిగింది. “ఎవులైనా నమ్మినారా?”

“మీ అత్త నమ్మింది. బయటోలు ఒక్కలూ నమ్మలేదు.”

“మరి ఊరుకుంటారా?”

“ఆదివారం సింహాచలమ్మనీ, అప్పలకొండనీ మహతి కాడికి లాక్కెల్తాను. ఆల ముందరే ఉడకబెడతాను.”

సత్యవాణి ఆయన కంచంలో ఇంకో గరిటె పులుసు పోసింది.

“మీరు ఉడకబెట్టొద్దు” అంది. “నానొస్తాను. మట్టె నా సేత్తో నానే ఏస్తాను. యెప్పుడేసినానో ఆలు కళ్లారా సూడాల.”