తాలు సీడీ

గత నెలలో ఒక పొద్దున పిన్ని ఫోన్ చేసింది. "కాఫీ పెట్టి లేపానమ్మా, మీ బాబాయి పలకలేదు" అంది. దొరికిన మొదటి బస్సెక్కాను. నేను సత్తెనపల్లి చేరేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న స్క్రూడ్రైవర్ లేదు. అది లేకపోవడం చూసే నాకు ఏడుపొచ్చింది.

బాబాయి మా నాన్న తమ్ముడు. పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. తొంభైల చివర్లో గుంటూరులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. మిల్లు పని దాని మీద చేస్తాడేమో అనుకున్నాం. ఆయన సరదా వేరు. కంప్యూటర్ పత్రికలతో ఉచితంగా వచ్చే సీడీల్లోంచి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం, తెర మీద ఏదో ఒకటి కనపడగానే మురిసిపోవడం, వారం తిరక్కుండా దాన్ని పీకేసి ఇంకోటి ఎక్కించడం. "ఏం చేసుకుంటావురా దాంతో?" అని నాయనమ్మ అడిగితే, "ఏం చేసుకోనమ్మా, వస్తుందో రాదో చూస్తున్నా" అనేవాడు. మిల్లు నుంచి ఆయన బట్టలకు అంటుకొచ్చిన దూది కంప్యూటర్ ఫ్యానుకు చుట్టుకునేది. ఆదివారాలు మూత విప్పి, పాత పెయింటు బ్రష్షుతో ఓపిగ్గా దులిపేవాడు.

"హార్డ్ డిస్కంటే చేననుకో అమ్మాయ్" అని నాకు పాఠం చెప్పేవాడు. "మధ్యలో గట్టేశాం. ఇటు విండోస్, అటు లినక్స్. దేని పంట దానిదే."

తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది. ఇక మమ్మల్ని కుదురుగా అన్నం తిననిచ్చింది లేదు. కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే ఫొటో, పిన్ని తల దువ్వుకుంటుంటే ఫొటో. సాయంత్రం కూర్చుని మంచివి కంప్యూటర్లో ఉంచేవాడు. మసకవి, కళ్ళు మూసుకున్నవి, తల తెగినవి ఒక సీడీలోకి ఎక్కించేవాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో "తాలు" అని రాశాడు. మా వైపు మిరపకాయలు ఏరేటప్పుడు రంగు పోయి తెల్లబడిన కాయల్ని తాలంటారు. వాటిని వేరే బస్తాలకెత్తుతారు గానీ పారెయ్యరు. ఈ మసక బొమ్మలు ఎందుకు బాబాయ్ అంటే, "తాలుక్కూడా మిర్చి యార్డులో రేటుంటదమ్మాయ్" అనేవాడు.

నాయనమ్మ పోయిన మరుసటేడు కొత్త లినక్స్ ఎక్కిస్తూ, గట్టు ఎక్కడుందో చూసుకోకుండా సరేనని నొక్కేశాడు. డిస్కు మొత్తం తుడుచుకుపోయింది. నేను వెళ్ళేసరికి కుర్చీలో అలాగే కూర్చుని ఉన్నాడు. "చేనంతా దున్నేశానమ్మాయ్. అమ్మ కూడా పోయింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆడుకోవడానికి ఇంకేం దొరకలేదా అని అడగబోయి, ఆయన మొహం చూసి అన్నానికి రమ్మన్నాను. లేవలేదు.

చివరికి పిన్నే బీరువాలోంచి సీడీ తెచ్చింది. "తాలుందిగా. అది పెట్టండి."

నాయనమ్మ అందులో ఉంది. మంచి ఫొటోల్లో ఆమె కొయ్యలా బిగుసుకుపోయేది. ఇక్కడ "తియ్యమాకరా" అంటూ చెయ్యి అడ్డం పెట్టి, బోసినోటితో పకపకా నవ్వుతోంది. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "మంచివని ఏరినవన్నీ పోయినయ్. అమ్మ ఇక్కడుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఫొటోలు ఏరడం మానేశాడు. లినక్స్ మాత్రం మానలేదు, అది వేరే సంగతి.

పెద్దకర్మ ముందురోజు మధ్యాహ్నం మళ్ళీ ఆ సీడీతోనే పని పడింది. దండ వెయ్యడానికి ఫొటో కావాలి. అందరినీ తీసిన మనిషికి తనదంటూ పటం కట్టేపాటిది ఒక్కటి లేదు. స్టూడియో ఆయన మిల్లు గుర్తింపు కార్డు మీది ఫొటోని పెద్దది చేసి, కోటు తొడిగి తెచ్చాడు. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరండీ ఈయన? నేను దండ వెయ్యను" అంది. ఎవరు చెప్పినా వినలేదు.

నేను బీరువా తీశాను. తాలు సీడీ పెట్టినచోటే ఉంది. ఆయన కంప్యూటర్లోనే వేస్తే కాసేపు గొణిగి తెరుచుకుంది. వెతగ్గా వెతగ్గా కల్లంలో తీసిన ఫొటో ఒకటి దొరికింది. ఎర్రగా ఆరబోసిన కాయల ముందు పట్టా మీద నాయనమ్మ, పిన్ని, నేను. బాబాయి కెమెరాను బస్తా మీద నిలబెట్టి, టైమర్ నొక్కి మా వైపు పరిగెత్తాడు. అందుకోలేకపోయాడు. ఒక చెప్పు జారిపోయి, ఫొటో పడిందా లేదా అని వెనక్కి కెమెరా వైపు తిరిగి చూస్తూ నవ్వుతున్నాడు. మనిషంతా మసక.

"మొహం సరిగ్గా రాలేదండి" అన్నాడు స్టూడియో ఆయన.

"ఈయనే. ఇట్టాగే ఉండేవారు. మీరేం బాగుచెయ్యమాకండి" అంది పిన్ని.

బతికున్నవాళ్ళ ఫొటోకి దండేమిటని పెద్దవాళ్ళు అభ్యంతరం చెప్పారు. అందుకని ఆయన ఒక్కడినే కత్తిరించి పటం కట్టించాం. ఇప్పుడు హాల్లో దండ వెనక బాబాయి ఒక్కడే పరిగెడుతున్నాడు. ఎక్కడికో తెలియదు, చూసినవాళ్ళకి.

కత్తిరించని ఫొటో పిన్ని తన దగ్గర పెట్టుకుంది. అందులో ఆమె పట్టా మీద తన పక్కన అరచెయ్యి ఆనించి, ఇంకెవరూ కూర్చోకుండా చోటు ఆపి ఉంచింది. బాబాయి వస్తున్నాడు.