మా చేన్లో ఆగిన బండి

మా లెక్కల సారు పోయారని మంగళవారం పొద్దున కబురొచ్చింది. ఆయన కొడుకు మంచిర్యాల నుంచి మా బడికి ఫోన్ చేసి, మధ్యాహ్నానికల్లా తీసుకుపోతామని, చివరి చూపు కావాలంటే వెంటనే బయలుదేరమని చెప్పాడు. పదేళ్లుగా ఆయన మీద కోపం పెట్టుకున్నవాణ్ణి, సుద్దముక్క చేతిలో ఉండగానే స్టేషన్‌కు పరుగెత్తాను.

నాకు రెండు బండ్ల లెక్క నేర్పింది ఆయనే. ఒక బండి ముందు బయలుదేరుతుంది. అంతకంటే వేగంగా పోయేది వెనక బయలుదేరుతుంది. మరి ఎక్కడ దాటుతుంది? అది నా బుర్రకెక్కేదాకా బడి వదిలాక కూడా పక్కన కూర్చోబెట్టుకునేవారు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, జేబులన్నీ వెతుక్కునేవారు. "తప్పు చేసుడు సిగ్గు కాదురా, దిద్దుకోకపోవుడు సిగ్గు" అనేవారు. ఈరోజు అదే బడిలో అదే లెక్క నేను చెబుతున్నానంటే ఆయన చలవే.

డెబ్బైల మొదట్లో మా ఊరి స్టేషన్‌లో ఇంకో లైను వేయడానికి కొలతలు తీశారు. పక్కనే ఉన్న మా చేను, బావితో సహా, అందులో పడింది. మేం బాపు అని పిలిచే మా నాన్న ససేమిరా అన్నాడు. కోర్టుకు పోతానన్నాడు. అప్పుడు సారు మా ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "చేనుకు ఆశపడకు తమ్మీ. గీ లైను పడితె ఎక్స్‌ప్రెస్ ఆగుతది. అది ఆగితె మనూరు సుల్తానాబాద్‌ను మించుతది. నా మాట నమ్ము" అన్నారు. సారు మాట కాబట్టి బాపు వేలిముద్ర వేశాడు.

లైను పూర్తయిన రోజు ఊరంతా స్టేషన్‌లోనే ఉంది. డప్పులు, కొబ్బరికాయలు, ఇంజనుకు వేయడానికి బారెడు బంతిపూల దండ. మా ప్యాసింజర్ వచ్చి కొత్త లైనులో నిలబడింది. కాసేపటికి ఎక్స్‌ప్రెస్ పాత లైను మీద దుమ్ము రేపుకుంటూ పోయింది. వేగం కూడా తగ్గించలేదు. వెనకొచ్చే బండికి దారివ్వడానికి మా బండిని పక్కన నిలబెట్టే చోటు కోసం మా చేను తీసుకున్నారని అప్పుడు అర్థమైంది. డప్పులు ఆగిపోయాయి. తెచ్చిన దండను ఇంటికి తీసుకుపోకూడదని సారే దాన్ని ప్యాసింజర్ ఇంజనుకు వేశారు. డ్రైవరు ఎందుకో తెలియక దండం పెట్టాడు.

ఎక్స్‌ప్రెస్ మంచిర్యాలలో ఆగింది. లాడ్జీలు, బట్టల దుకాణాలు, పెద్ద డాక్టర్లు అన్నీ అక్కడే వెలిశాయి. మా ఊరి రైసుమిల్లు కూడా అక్కడికే పోయింది. అంగడి పలచబడింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మా పని. అదీ సహించాను. కానీ రిటైరయ్యాక సారు కూడా మంచిర్యాలలోనే, స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఇల్లు కట్టుకున్నారు. అది మాత్రం సహించలేకపోయాను.

బాపు ఆయన్ను పల్లెత్తు మాట అనలేదు. "సారు అబద్ధమాడలే, సారుకు చెప్పినోళ్లు ఆడిన్రు" అనేవాడు, తను పోయేదాకా. ఒకసారి పెద్దపల్లి బస్టాండులో సారు నా చెయ్యి పట్టుకుని, "ఇంటికి రారా, జర చెప్పుకునేదున్నది" అన్నారు. బస్సు కదులుతోందని చెప్పి వచ్చేశాను. బస్సు ఇంకో పావుగంటకు గానీ కదలలేదు.

మంగళవారం నేను ఎక్కేసరికే ప్యాసింజర్‌ను ఆ లైనులో నిలబెట్టారు. కిటికీలోంచి మా బావి కనిపిస్తోంది. సగం పూడ్చి వదిలేశారు. మోట రాళ్లు అలాగే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ బండి ఎందుకు కదలడం లేదని అడిగింది. ఎక్స్‌ప్రెస్ పోవాలని చెప్పాను. అది వచ్చి పోయేసరికి గంట దాటింది. ఆ గంటసేపూ నన్ను మోసం చేశారనే కోపమూ, ఆయన ముఖం చూడాలనే ఆత్రమూ, రెండూ తగ్గలేదు.

నేను చేరేసరికి వాకిలి కడిగేశారు. మేం అమ్మా అని పిలిచే సారు భార్య అరుగు మీద కూర్చుని ఉంది.

"నువ్వస్తవని జరసేపు ఆపిచ్చిన బిడ్డా. ఎండైతుందని లేపిన్రు."

"బండిని ఆపిన్రమ్మా."

"ఏడ?"

"మా చేన్ల."

కడిగిన నీళ్లు మెట్టు దిగి, సారు చెప్పులజత చుట్టూ తిరిగి, వీధిలోకి పోతున్నాయి.