పేపరు చదివే బూట్లు

బూట్ల మేస్త్రి చెమటోడ్చి సాధించిన మొదటి విజయం, ఒకే జత బూట్లతో పదకొండేళ్ళు సొరంగంలో పని చేయడం. రెండో విజయం, పదో ఏట ఆ బూట్లు చూసిన పెద్ద ఇంజనీరు చేత "కొత్తగా చేరావా?" అని అడిగించుకోవడం. మూడోది, వీడ్కోలు సభలో ఇచ్చిన మెత్తటి దుప్పటిని ఇంటికి రాగానే ముక్కలు చేసి బూట్లకు సంచులు కుట్టించడం. ఇంట్లో మనుషులు ఎక్కడ ఒరిగినా ఆయనకు పట్టేది కాదు. బూట్లు మాత్రం పద్ధతిగా ఉండాలి.

ఆ సంచులు కుట్టింది ఆయన చెల్లెలే. ఆడవాళ్ళ బట్టలు కుట్టే ఆవిడ, అన్నగారితో ఒకే ఇంట్లో ఉంటుంది. ఆ ఇంట్లో కురవని గది ఒక్కటే. అది బూట్లది.

"అన్నయ్యా, ఇవాళ్టి పేపరేది?"

"ఎడమ బూటులో సగం, కుడి బూటులో సగం."

"నేనింకా చదవలేదు!"

"వాటి పనయ్యాక చదువుకో. తడి పీల్చేది కొత్త కాగితమే."

ఎండలో పెట్టకూడదు, పొయ్యి దగ్గర అసలే పెట్టకూడదు. లేసులు వదులు చేయాలి, నూనె రాయాలి, ఒకదాని మీద ఒకటి పడేయకుండా నిలబెట్టాలి. వారానికోసారి సంచుల్లోంచి తీసి గాలికి ఉంచాలి. చెల్లెలికి జ్వరమొస్తే మాత్రం "కిటికీ తీసుకో" అని ఊరుకున్న మనిషి.

ఆవిడకు అంతుపట్టనిది ఒకటే. మేస్త్రి పని మానేసి నాలుగేళ్ళయింది. ఆయన పాదం ఏడో నంబరు. అరలో ఉన్నవి ఆరు నుంచి పదకొండు దాకా, పన్నెండు జతలు. వానలు మొదలవగానే బస్తాలో వస్తాయి, వెలిశాక బస్తాలోనే పోతాయి.

"ఎవరివి అన్నయ్యా ఇవి?"

"ఎవరివని కాదమ్మా, ఎలా ఉన్నాయని అడగాలి."

ఈసారి వానలు వెలిసీ వెలియకముందే మేస్త్రి ఒక జత చంకన పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అరిచాడు. "వాళ్ళొస్తారు, ఇచ్చెయ్!"

"ఎవరొస్తారు? ఏమివ్వాలి?"

జవాబుగా పొగ మాత్రమే వచ్చింది. ఇంటికెళ్ళి ఫోన్ చేస్తే అరలోని ఓ తొమ్మిదో నంబరు బూటు మోగింది. కాగితంతో పాటు ఫోనునూ కుక్కేసి పోయాడు మహానుభావుడు.

సరే, కనీసం శుభ్రంగా ఉంచుదామని సంచులు విప్పింది. ప్రతి లేసుకూ ఓ రంగు దారం వేలాడుతోంది. వేలాడే దారం కనిపిస్తే కుట్టుపనివాళ్ళ చెయ్యి ఊరుకోదు కదా. పదకొండు జతలవీ చకచకా కత్తిరించి పారేసింది.

మర్నాడు సాయంత్రం గుమ్మంలో పదకొండు మంది మగవాళ్ళు.

"అక్కా, నాది పచ్చదారం," అన్నాడు పొడుగ్గా ఉన్న డ్రిల్లర్.

"నాది పసుపు," అన్నాడు వెల్డర్.

"ఏమిటి పసుపు?"

"బూట్లక్కా. వానలకు మూసిన సొరంగం రేపు పొద్దున్న ఆరింటికి తెరుస్తారు. గేటు దగ్గర సోల్ చూసి మరీ లోపలికి పంపుతారు. బూటు బాగోకపోతే అంతే, బయట కాసుకుని ఉన్నవాడికి పని ఇచ్చేస్తారు. మా షెడ్డులో పెడితే తడిసి బూజు పట్టి, మిగిలింది ఎలుకలు తింటాయని మేస్త్రి గారే పట్టుకెళతారు. ఏటా ఆయనే తెచ్చిచ్చేవారు, ఈసారి మమ్మల్నే రమ్మన్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి అర వైపు చూసింది. అన్నీ ఒకే నలుపు, ఒకే కంపెనీ, అందులో ఎనిమిదో నంబరువే నాలుగు జతలు. "దారాలు... కత్తిరించేశాను నాయనా."

ఇక వాకిట్లో మొదలైంది. ఒకడి కాలు ఇంకొకడి బూటులో. "ఇది వదులు!" "నాది నువ్వు తొడిగావేంట్రా!" "కాలి వేళ్ళు ముడుచుకుని నడవరా, సరిపోతుంది!" గంట తరువాత డ్రిల్లర్ ఒక జత తొడిగి, నాలుగడుగులు వేసి, బిక్కమొహం పెట్టాడు.

"అక్కా, ఇది నాదే. కానీ నాది కాదు."

"అదేం మాట?"

"లోపల మడమ గుంట నాదే. నేనిచ్చినప్పుడు సోల్ ఊడి నోరు తెరుచుకుని ఉంది. ఇప్పుడు లేదు."

వెల్డర్ తన బూటు తిరగేశాడు. కాలిన చిల్లు మాయం. అందరూ తిరగేశారు. కొత్త కుట్టు పడని బూటు లేదు.

"ఏటా గేటు దగ్గర తొడుక్కుని పరిగెత్తడమే, తిరగేసి చూసిందెక్కడ? మేస్త్రి గారు చెప్పేవారు కదరా," అన్నాడు వెల్డర్ గొంతు తగ్గించి, "కాగితం కుక్కి నీడలో నిలబెడితే బూటు దానంతటదే కోలుకుంటుందని. పిచ్చోడనుకున్నాం."

చెల్లెలు ఒక కుట్టును వేలితో తడిమింది. రెండుసార్లు పోనిచ్చి వెనక్కి ముడివేసిన కుట్టు. చిన్నప్పుడు అన్నకు తనే నేర్పింది. నాలుగేళ్ళుగా ప్రతి వానాకాలం తన లావు సూదులు ఎందుకు మాయమవుతున్నాయో, ఆయన మధ్యాహ్నాలు ఆ గది తలుపు ఎందుకు బిగించుకునేవాడో అప్పుడు తెలిసింది.

"కోలుకుంటాయి నాయనా," అంది మొహం తిప్పుకుని. "మా అన్నయ్య దగ్గర పెడితే ఏవైనా కోలుకుంటాయి."

పదకొండు మందీ టకటకమంటూ వీధి దాటారు. అప్పుడు మోగింది ఆవిడ ఫోను. ఎవరిదో నంబరు, అన్నగారి గొంతు.

"ఇచ్చేశావా?"

"ఇచ్చాను. ఎక్కడున్నావు?"

"పన్నెండో జత మనిషి, సొరంగం లారీ డ్రైవరు ఊళ్ళో. కాలు విరిగి ఆర్నెల్లుగా మంచంలో ఉన్నాడు. నయమైంది కానీ ఇక పనికి రానని భీష్మించాడు. బూట్లు ఎదురుగా నిలబెట్టాను. పొద్దుటి నుంచి వాటినే చూస్తున్నాడు. ఇప్పుడే ఒకటి తొడిగాడు."

"రెండోది?"

"నెమ్మదిగా. తొందరపెడితే తోలు పగులుతుంది."

"నా సూదులెన్ని విరగ్గొట్టావు?"

అవతల గొప్ప దగ్గు వచ్చింది. "సిగ్నలు సరిగా లేదమ్మా. అతన్ని వెంటబెట్టుకుని రేపు ఆరింటికల్లా నేరుగా గేటు దగ్గర దింపి వస్తాను."

"ఎప్పుడొస్తావు?"

"రేపే. పంతొమ్మిదో తారీఖు, బుధవారం, మధ్యాహ్నం బస్సుకి."