పద్దెనిమిది కోర్టుల్లో ఒకే గొంతు

ఆమెకు కంచుగంట అని పేరు పెట్టింది బస్సు డిపోలో ఒక డ్రైవరు. వెనక మెట్టు మీద నిలబడి ఆమె "రైట్" అందంటే, ముందు సీట్లో ఉన్న అతనికి అద్దంలోకి చూసుకునే పని ఉండేది కాదట. పేరు కాస్త పొడుగైందని జనం దాన్ని గంటమ్మ చేశారు. ఇంట్లో భర్తకు ఆ గొంతంటే భయమూ ఉంది, మురిపెమూ ఉంది. బేకరీలో తెల్లవారకముందే పొయ్యి దగ్గర నిలబడి, పగలు నిద్రపోయే మనిషి ఆయన. మా ఇంట్లో అలారం కొనే అవసరమే రాలేదండీ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి, చెప్పిన ప్రతిసారీ తనే నవ్వుతాడు.

బస్సు కండక్టరుకూ టెన్నిస్‌కూ ఏమిటి సంబంధం, మోకాలికీ బోడిగుండుకూ ముడిపెడుతున్నారని మీరనొచ్చు. ముడి పెట్టింది నేను కాదు, పెద్దక్క. ప్రతి వేసవిలో రెండు వారాలపాటు ప్రపంచంలోని పెద్ద ఆటగాళ్ళందరూ దిగే టోర్నీ ఆ ఊళ్ళోనే జరుగుతుంది. గంటమ్మ బస్సు సరిగ్గా దాని గేటు ముందే ఆగుతుంది. ఒకరోజు నిండు బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతున్న ఒక పెద్దావిడ, గంటమ్మ స్టాపు పేరు అరవగానే చెయ్యి వదిలేసి మరీ వెనక్కి తిరిగి చూసింది. ఆ గొంతును బస్సులో పారబోసుకుంటున్నావమ్మా, సాయంత్రం గేటు దగ్గరికొచ్చి నన్ను అడుగు అని చెప్పి దిగిపోయింది. ఆవిడే టోర్నీలో లైన్ జడ్జీలందరికీ పెద్ద. వయసులో చిన్నా పెద్దా అందరికీ పెద్దక్కే.

ఆ టోర్నీ అంటే మాటలు కాదు. పద్దెనిమిది కోర్టులు. మగవాళ్ళ సింగిల్స్‌లో నూట ఇరవై ఎనిమిది మంది, ఆడవాళ్ళలో అంతే మంది. జంటలుగా ఆడేవాళ్ళు, కుర్రకారు, చక్రాల కుర్చీల్లో ఆడేవాళ్ళు వేరే. జనం రోజుకు నలభై వేలు. రాకెట్లకు తీగలు బిగించడానికి ఒక గది, తువ్వాళ్ళు ఉతకడానికి ఒక షెడ్డు, చినుకు పడగానే కోర్టు మీదికి పట్టా లాగడానికి ఒక దండు. అంతమందిలో గీతల దగ్గర నిలబడేవాళ్ళు మూడు వందల మంది. వాళ్ళలో పళ్ళ డాక్టరున్నాడు, దర్జీ ఉంది, రిటైరైన డ్రాయింగు మాస్టారున్నాడు. ఏడాది పొడుగునా ఎవరి గోల వాళ్ళది. ఆ రెండు వారాలకి మాత్రం సెలవులు పెట్టుకుని, అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, గంట నిలబడి గంట కూర్చుంటూ ఒక్క ఇంటివాళ్ళలా బతుకుతారు.

గంటమ్మకు నిలబడటం నేర్పింది ఆ డ్రాయింగు మాస్టారే. మనిషి తాటిచెట్టంత ఉంటాడు గనక పొడుగు మాస్టారంటారు. ఆమె అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఎలా వంగాలో, బంతి కనపడకపోతే కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని నాకు తెలియదని ఎలా ఒప్పుకోవాలో, ఆటగాడు మీదికొచ్చి తిడుతుంటే గోడవైపు చూస్తున్నట్టు ఎలా ఉండాలో ఆయనే నేర్పాడు. నవ్వకూడదు. చప్పట్లు కొట్టకూడదు. బంతి వెంట కళ్ళు పోకూడదు. ఆ మాటకొస్తే అన్నేళ్ళలో గంటమ్మ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. గీతను చూసింది, అంతే.

కానీ ఆ గీతను చూసినట్టు ఎవరూ చూడలేదు. ఒకసారి ఐదో సెట్టు దాకా సాగిన మ్యాచ్‌లో, కోపిష్టిగా పేరుమోసిన ఒక ఆటగాడు అంతకుముందే ఇద్దరు జడ్జీలను కడిగిపారేసి ఉన్నాడు. అతని బంతి గీత దాటి వేలెడు దూరంలో పడింది. గంటమ్మ "అవుట్" అంది. అతను నోరు తెరిచాడు, ఆమె వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు, వెళ్ళి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం విశ్రాంతి గదిలో పొడుగు మాస్టారు దాన్ని నటించి చూపిస్తుంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మా చెల్లెమ్మ అవుటంటే బంతి కూడా సిగ్గుపడి ఇంకాస్త అవతల పడుతుంది అన్నాడాయన.

ఇంతా చేసి ఆమెకు ఫైనల్ దక్కలేదు. రోజురోజుకూ మార్కులు వేసి, మనుషులను ఏరేసి, చివరికి ఫైనల్ కోర్టు మీద కొద్దిమందినే నిలబెడతారు. ఒక ఏడాది జలుబు అడ్డం వచ్చింది, మరో ఏడాది డిపోవాళ్ళు సెలవు సగంలో కోసేశారు, ఇంకో ఏడాది ఆమెకన్నా పాతవాళ్ళకు ఇవ్వాల్సి వచ్చింది. పెద్దక్క ఆమె భుజం మీద చెయ్యివేసి, వచ్చే ఏడాది ఫైనల్లో వెనక గీత, బేస్‌లైన్ నీదే, నాది పూచీ అంది. గంటమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది.

ఆ చలికాలంలోనే పెద్దక్క కబురుపెట్టింది. పెద్ద కోర్టు మెట్ల కింద ఒక చిన్న గది. గోడలకు మెత్తని స్పాంజి అట్టలు, మధ్యలో మైకు, అద్దం అవతల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఒక టెక్నీషియన్. కొత్తగా చేరేవాళ్ళకు పాఠాల కోసం నీ గొంతు కావాలి, నీకన్నా బాగా ఎవరంటారు అని పెద్దక్క చెప్పింది. గంటమ్మ పొంగిపోయింది. దూరంగా పడ్డ బంతికి మామూలుగా, వెంట్రుకవాసిలో తప్పినదానికి గట్టిగా, సర్వీసుకు "ఫాల్ట్" అని, అలసిపోయినట్టు కాకుండా, విసుక్కున్నట్టు కాకుండా, మధ్యాహ్నమంతా అరిచింది. పెద్దక్క పక్కనే కూర్చుని గోరువెచ్చని నీళ్ళు అందించింది, మెడకు చలి తగలకుండా తన శాలువా తీసి కప్పింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదేనని ఆవేళ ఆమెకేం తెలుసు.

వేసవి దగ్గరపడ్డాక మూడు వందల మందికీ ఒకే సందేశం వచ్చింది. ఈ ఏడాది నుంచి గీతల దగ్గర మనుషులుండరు. కెమెరాలు చూసుకుంటాయి. ఇన్నాళ్ళ సేవకు ధన్యవాదాలు. గంటమ్మ దాన్ని బస్సులోనే చదివింది, ఆ ట్రిప్పులో ఇద్దరికి టిక్కెట్టు కొట్టడం మరిచిపోయింది. పెద్దక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాపం ఆవిడకు మాత్రం ఎంత బాధగా ఉంటుందో అని మనసుకు సర్దిచెప్పుకుంది.

టోర్నీ మొదలైన రోజున పొడుగు మాస్టారు అందరినీ ఇంటికి పిలిచాడు. మైదానంలో నిలబడనివ్వకపోతే మానె, ఒకే గదిలో కూర్చుని చూద్దాం రండన్నాడు. పళ్ళ డాక్టరు, దర్జీ, ఇంకా పదిమంది వచ్చారు. కుర్చీలు చాలక కొందరు నేల మీద కూర్చున్నారు. గీతలు కాసే మనుషులు లేని కోర్టును టీవీలో చూడగానే దర్జీ, సామాన్లు తీసేసిన ఇల్లులా ఉందేమిటే అంది. కెమెరాలను అందరూ కలిసి తిట్టుకున్నారు. గంటమ్మ అందరికన్నా గట్టిగా తిట్టింది.

రెండో గేములో బంతి పక్కగీత దాటి పడింది. టీవీలోంచి "అవుట్" అని గంటమ్మ గొంతు వినిపించింది.

పొరపాటున విన్నామేమో అనుకునే లోపే మళ్ళీ "ఫాల్ట్" అంది. ఒక్కొక్క తలే గంటమ్మ వైపు తిరిగింది. ఆమె నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి మాట రావడం లేదు. టీవీలో మాత్రం ఆమె అరుస్తూనే ఉంది, అలసట లేకుండా, విసుగు లేకుండా, పెద్దక్క చెప్పినట్టే. చలికాలంలో పాఠాల కోసమంటే అరిచాను, నాకు తెలియదు అని ఆమె చెప్పేసరికి ఆ మాట ఆమెకే అబద్ధంలా వినిపించింది.

"చలికాలంలో అరిచొచ్చి, ఇందాకటిదాకా మాతో కూర్చుని ఏడుస్తున్నావా?" అంది దర్జీ.

తర్వాత ఎవరూ పోట్లాడలేదు, పోట్లాడి ఉంటే అదే నయమనిపించేది. ఒకరికి పని గుర్తొచ్చింది, ఒకరికి తలనొప్పి వచ్చింది. పళ్ళ డాక్టరు చెప్పులు వేసుకుంటూ, మనల్ని తీసేయడానికి మనలోనే ఒకరు దొరికారు అన్నాడు. పొడుగు మాస్టారు టీవీ కట్టేసి, రిమోటు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆ మౌనానికి గంటమ్మ గుండె చెరువైంది. తక్కినవాళ్ళు నమ్మకపోయినా బతకొచ్చు గానీ ఆయన నమ్మకపోతే ఎలా అనుకుంటూ ఇంటికి నడిచింది.

మర్నాడు మామూలు మనిషిలా టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళింది. ఏ దారిలో నడిచినా ఆమె గొంతే. మూడో నంబరు కోర్టులో అవుట్, తొమ్మిదో దానిలో ఫాల్ట్, పెద్ద కోర్టు మీంచి మరో అవుట్. టోపీలు పెట్టుకున్న జనం, జెండాలు కప్పుకున్న జనం, సంతకాల కోసం బంతులు పట్టుకుని కంచె మీద వాలిన జనం, అందరి నెత్తిమీదా ఆమే అరుస్తోంది. ఒకప్పుడు గంట అరిస్తే గంట విశ్రాంతి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది చోట్ల ఒకేసారి అరిపిస్తున్నారు, గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేదు.

పెద్దక్క కొత్త గదిలో ఉంది. వరసగా కెమెరా తెరలు, వాటి ముందు తిరిగే కుర్చీ, మెడలో కొత్త కార్డు. మూడు వందల మందిలో ఆవిడ ఒక్కతే మిగిలింది. గంటమ్మను చూసి తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం బిగుసుకుని, వెంటనే నవ్వి కూర్చోమంది. గంటమ్మ కూర్చోలేదు.

"తెలిసే అడిగారా అక్కా?"

"తెలియకపోతే నిన్నెందుకు అడుగుతాను? పదిమంది గొంతులు విన్నాం. నీ గొంతయితే ఎవరూ ఎదురు చెప్పరు."

ఈ మాట ఆవిడ మెచ్చుకోలుగానే అంది, అది ఇంకా దారుణం. ఎవరో ఒకరు అరవాల్సిందే కదా, ముక్కూమొహం తెలియనివాళ్ళు అరిచేకన్నా నువ్వయితే మేలనుకున్నాను, ముందే చెబితే ఒప్పుకునేదానివా అని సర్దిచెప్పబోయింది. గంటమ్మ అవేవీ వినలేదు. తనకు ఒక్కటే కావాలంది. పొడుగు మాస్టారింటికి వచ్చి, పోనీ ఫోన్లోనైనా, దీనికేం తెలియదు, నేనే దాచాను అని చెబితే చాలు. ఇంకేమీ అడగనంది. పెద్దక్క తెరల వైపు తిరిగింది. అలా చెబితే రేపటికి ఊరంతా పాకుతుంది, ఈ కుర్చీ నాకు మిగలదు అంది. సొరుగులోంచి ఒక పాసు తీసి బల్ల మీద పెట్టింది.

"ఫైనల్‌కి రా. బేస్‌లైన్ వెనకే సీటు. మాటిచ్చానుగా."

గంటమ్మ ఆ పాసు వైపు చూసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఇక్కడ బుర్రల్ని కూడా పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. పాసును ముట్టుకోకుండా "వెళ్ళొస్తానండీ మేడమ్" అని మాత్రం అంది. ఇన్నేళ్ళలో ఆవిడను అక్కా అనకపోవడం అదే మొదలు. పెద్దక్క మొహం అప్పుడు కాస్త వాడిపోయిందనుకుంటాను. వాడితే వాడనివ్వండి.

రెండు వారాలూ గంటమ్మ బస్సెక్కింది, దిగింది. దర్జీకి ఫోన్ చేస్తే కట్ చేసింది. పళ్ళ డాక్టరు మూడు స్టాపుల దూరం బస్సులో ప్రయాణించి, చిల్లర తీసుకుని, మొహం చూడకుండా దిగిపోయాడు. నాలుగు రోజులు పోతే వాళ్ళే తెలుసుకుంటారని భర్త ఓదార్చాడు. ఎలా తెలుసుకుంటారు, చెప్పాల్సినవాళ్ళు నోరు కుట్టేసుకుంటే. ఫైనల్ రోజు మధ్యాహ్నం ఆమె ఉండబట్టలేక పొడుగు మాస్టారింటికి వెళ్ళింది.

మాస్టారు తలుపు తీసి, పక్కకు జరిగి దారిచ్చాడు. మొదటి రోజు కుర్చీలు చాలని గదిలో ఆయనా, ఆయన భార్యా ఇద్దరే ఉన్నారు. టీవీలో మొదటి సెట్టు నడుస్తోంది. గంటమ్మ నిలబడే చెప్పింది. చలికాలం గది, శాలువా, పెద్దక్క జవాబు, బల్ల మీద వదిలేసి వచ్చిన పాసు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ టీవీలోంచి కూడా ఆమే మధ్యమధ్య అరుస్తోంది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నాడు.

"నమ్ముతున్నానమ్మా" అన్నాడు చివరికి. "నీకు తెలియదనే నమ్ముతున్నాను. పెద్దక్క అంతకు తగిందే. కానీ నువ్వు మాట్లాడుతుంటే నాకు ఆ టీవీలో అరుపే వినిపిస్తోంది. ఒళ్ళు మండిపోతోంది, ఏం చెయ్యను? కూర్చో, చూద్దాం. ఇవాళ్టికి మాత్రం మాట్లాడకు చెల్లెమ్మా."

గంటమ్మ కూర్చుంది. ఏడుపు వచ్చింది కానీ దానికీ చప్పుడుంటుందని మింగేసింది. ఆట ఐదో సెట్టు దాకా వెళ్ళింది. జీవితంలో మొదటిసారి బంతి వెంట కళ్ళు పోనిచ్చింది. చూస్తే తెలిసింది, ఎంత అందమైన ఆట అది. చివరి పాయింటుకు బంతి పైకి లేచి, చాలాసేపు గాలిలో ఉండి, బేస్‌లైన్ అవతల పడింది. మాస్టారు అలవాటు చొప్పున మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి ఉన్నాడు. "అవుట్" అని వినగానే ఉలిక్కిపడి పక్కకు తిరిగి, టీవీని కాదు, ఆమె నోటిని చూశాడు. అది మూసే ఉంది.

తెర మీద గెలిచినవాడు నేలమీద పడి ఏడుస్తున్నాడు, జనం లేచి నిలబడ్డారు. మాస్టారి భార్య గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, తాగాక, ఇంకాస్త కావాలా అమ్మా అని అడిగింది. గంటమ్మ చాలని చేత్తో చెప్పింది.