తారు రోడ్డు మీద పులి, మేక, గడ్డిమోపు

పదవీ విరమణ చేసిన మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఎవరో ఒకరు ఒక చిక్కులెక్క పెడతారు, కింద తెలివైనవాళ్లకు మాత్రమే అని ఒక సవాలు కూడా తగిలిస్తారు. ఇవాళ వచ్చింది మనందరికీ తెలిసిన బావిలో కప్ప లెక్కే: పది గజాల బావిలో కప్ప పగలు మూడు గజాలు ఎక్కి, రాత్రి రెండు గజాలు జారితే ఎన్నో రోజున బయటపడుతుందని. నేను కళ్లజోడు వెతుక్కునే లోపే ఒకాయన ఫోన్‌నే అడిగి, అది ఇచ్చిన జవాబును పేరాలకు పేరాలు అంటించేశాడు, వెంటనే అరడజను చప్పట్ల బొమ్మలు పడ్డాయి. పాపం ఆ కప్పకు బావిలో ఒక్క పూటైనా ఉండే యోగం లేకపోయిందే అనుకుని నవ్వుకున్నాను. నవ్వు సగంలో ఉండగానే పత్తి చేలో, ఏరినది వేసుకునే ఒడి నడుముకు కట్టుకుని నిలబడిన ఒక తల్లి గుర్తొచ్చి, చేతిలో చాయ్ చల్లారిపోయింది.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా బాపు కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. చెట్టు దిగి, భుజం మీది మోకు గోడకు తగిలించి, కాళ్లు కడుక్కునే లోపు మాకొక పొడుపు కథ వేసేవాడు. అది విప్పితే తప్ప ముంజ చేతికి వచ్చేది కాదు, మా అక్కయ్య ఎప్పుడూ విప్పలేక ఏడిచేది, నేను విప్పి కూడా ఆమెకు చెప్పకుండా ఊరించేదాన్ని, ఆ పాపం ఊరికే పోతుందా! చిక్కుముడుల మీద ఇష్టం అట్లా అంటుకుంది గాని అన్నం పెట్టే ఉద్యోగం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. మన తరానికి కొత్తగా చెప్పేదేముంది, ఉద్యోగ ప్రకటన కోసం పేపరు తిరగేస్తూ జుట్టు నెరిసిపోయిన వాళ్లం కదా. నలభై ఏళ్లు మీద పడ్డాక నాకు టీచరు కొలువు దొరికింది. కోరుట్ల నుంచి కథలాపూర్ వెళ్లే దారిలో, రోడ్డు పక్కనే ఉన్న ఒక ఊరి బడి అది. పడుచు టీచర్ల మధ్య ముసలి కొత్తపెళ్లికూతురిలా అక్కడ చేరాను.

చేరిన కొన్నేళ్లకు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కార్యాలయాలకు తాళాలు పడ్డాయి, మా బడికీ పడింది. మేమంతా రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నాం. నేను మనసారా కూర్చున్నాను, నాలాగా నలభై ఏళ్ల దాకా ఎదురుచూసే గతి రేపటి పిల్లలకు పట్టకూడదని గొంతు బొంగురుపోయేట్టు అరిచాను, అందులో నాకు ఏ సందేహమూ లేదు. వంటా వార్పూ అని రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండి, ఊరు ఊరంతా తారు మీదే బంతి కూర్చుని తినే రోజులవి. ఆ అన్నం రుచి మీలో చాలామందికి ఇంకా నాలుక మీదే ఉండి ఉంటుంది.

అన్నం ఉడికే దాకా పిల్లలు ఊరుకోరు కదా, పొయ్యిల చుట్టూ ఉరుకులాట. ఒకరోజు భయం వేసి, సంచిలో మిగిలిపోయిన సుద్దముక్క తీసి, వాళ్లను కాస్త దూరం పిలిచి, బస్సులు తిరగని ఆ నల్లటి రోడ్డు మీద ఈ బావిలో కప్ప లెక్కే రాశాను. అంత పెద్ద నల్లబల్ల నా సర్వీసులో మళ్లీ దొరకలేదు! మా పెద్దసారుకు మాత్రం అది నచ్చలేదు. సమ్మెలో ఉండి పాఠం చెప్పడమేమిటి, నలుగురూ చూస్తే ఏమంటారు అని పక్కకు పిలిచి గట్టిగానే మందలించాడు. ఇది ఏ పుస్తకంలో ఏ పాఠంలో ఉందో చూపించండి సార్, చెరిపేస్తాను అన్నాను. ఆయన కాసేపు గుర్రుగా చూసి వెళ్లిపోయి, పావుగంటకు తిరిగొచ్చి, పిల్లల మధ్య గొంతుక్కూర్చుని, తానే వేళ్లు మడిచి లెక్క పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు నుంచి రోజుకొక లెక్క, మర్నాడు పొద్దున జవాబు.

వాళ్లలో ఆరో తరగతి పిల్ల ఒకతె ఉండేది. నూనె లేని జుట్టు, పెద్ద కళ్లు, మాట తక్కువ. మొదటి వారం అందరికన్నా ముందు తనే రోడ్డు మీదికి వచ్చేది. దసరా దాటి పత్తి తొలి ఏరుడు మొదలయ్యాక, పొద్దున్నే కూలికి వెళ్లే ఆడవాళ్లతో కలిసి తల్లి వెనకాల ఆ పిల్ల కూడా నడుముకు ఒడి కట్టుకుని వెళ్లడం చూశాను. తండ్రి మస్కట్ పోయి ఏడాదైనా కబురు లేదట, తల్లి రెండు చేతులే ఇంటికి ఆధారమట. పిల్ల మాత్రం రోడ్డు దాటేటప్పుడు ఆగి, పెదవులు కదుపుతూ లెక్కను రెండుసార్లు చదువుకుని, ఉరికి తల్లిని అందుకునేది. మర్నాడు అదే చోట ఆగి జవాబు చెప్పి పోయేది.

ఆ జవాబులు ఎట్లా ఉండేవనుకున్నారు! ఆరుగురు ఆరు రోజుల్లో ఒక బావి తవ్వితే ఒక్క మనిషి సగం బావిని ఎన్ని రోజుల్లో తవ్వుతాడని అడిగాను. పిల్లలంతా పద్దెనిమిది అని అరిచారు. ఈ పిల్ల వచ్చి, "సగం బాయి ఉండది టీచర్. నీళ్లు వడ్తె బాయి, వడకపోతె బొంద" అనేసి వెళ్లిపోయింది. మా పెద్దసారు చప్పట్లు కొట్టాడు. ఇంకోరోజు, ఇద్దరు ఒక చేను పత్తిని రెండు రోజుల్లో ఏరితే నలుగురు ఎన్ని రోజుల్లో ఏరుతారని రాశాను. అది చిన్న లెక్కే, ఒక్క రోజు అంటారనే అనుకున్నాను. మర్నాడు ఆ పిల్ల, "నలుగురేంది, నలభై మంది వోయినా ఒక్క దినంల ఒడువది టీచర్. ఇయ్యాల ఏరినంక రేపు మల్ల కాయ పగులుతది" అంది. నేను నవ్వి, రోడ్డు మీద పెద్ద తప్పు గుర్తు వేశాను. పిల్ల ముఖం చిన్నబోయింది. తన తప్పుకు బాధపడ్డట్టు లేదు, ఈ మాట వెళ్లి ఇంకెవరికో ఎట్లా చెప్పాలా అని బెంగపడ్డట్టు ఉంది, అప్పుడు నాకు అర్థం కాలేదు. పెద్దసారు రైతు బిడ్డ, నా చెవిలో మెల్లగా, పత్తి మూడు విడతలుగా పగులుతుంది మేడమ్, పిల్లే కరెక్టు అన్నాడు. తాటిచెట్టు కింద పెరిగినదాన్ని, నాకు పత్తి చేను గుట్టు ఏం తెలుసు! సిగ్గుపడి చెప్పుకాలితో ఆ తప్పు గుర్తు చెరిపేశాను గాని పిల్ల అప్పటికే చేను దారిలో దూరమైపోయింది.

చివరగా రాసింది పులి, మేక, గడ్డిమోపు లెక్క. ధర్మపురి దగ్గర ఒక మనిషి ఈ మూడింటినీ పడవలో గోదావరి దాటించాలి, ఒకసారికి ఒక్కదాన్నే తీసుకుపోవాలి. మనిషి లేకుంటే పులి మేకను తింటుంది, మేక గడ్డిని తింటుంది. రోడ్డు మీద పడవ బొమ్మ కూడా గీశాను. ఆ మర్నాడే టీచర్లు సమ్మె విరమించారు, బడి తెరిచారు, లెక్క జవాబు చెప్పకుండానే రోడ్డు మీద ఉండిపోయింది.

బడి తెరిచిన రోజు ఆ పిల్ల రాలేదు. రెండో రోజూ, మూడో రోజూ రాలేదు. హాజరు పిలిచేటప్పుడు ఆమె పేరు రెండుసార్లు పిలిచేదాన్ని. అట్లా నెల రోజులు బడికి దూరమై చేలకు అలవాటు పడిన పిల్లలు మళ్లీ బడి ముఖం చూడకపోవడం నాకు తెలియని సంగతి కాదు. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఈ పిల్ల పని కూడా అంతేనని భయం వేసింది. నాలుగో రోజు మధ్యాహ్నం గొడుగైనా లేకుండా ఆ చేను వెతుక్కుంటూ వెళ్లాను.

తల్లి నన్ను చూసింది గాని చేయి ఆపలేదు. ముప్పై దాటిన మనిషి, పత్తికాయ మొనలు గీరుకుని వేళ్ల నిండా గాట్లు. చదువు గురించి, పిల్ల భవిష్యత్తు గురించి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు చెప్పబోయాను. ఆమె సగంలోనే అందుకుంది. "మీరు బడి బంద్ వెట్టిన్రు టీచరమ్మా, మేం పత్తి వట్టినం. గిప్పుడు మీరు బడి తెరిస్తిరని పత్తి ఆగుతదా?" అని అడిగింది. కోపంగా కూడా అనలేదు. రేపటి పిల్లల కోసమని గొంతు చించుకున్నదాన్ని, ఇవాళ్టి పిల్ల చేతిలో పుస్తకం తీసి పత్తి ఒడి పెట్టింది నేనే కదా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్క సాలులో పిల్ల తల ఎత్తనే లేదు.

నా అవస్థ చూసి, అటుపక్క సాలులో ఏరుతున్న ముసలామె కిసుక్కున నవ్వింది. "పిల్లను గాదు, గీ తల్లిని పిలువు బడికి. పొద్దుందాక బాయనుకుంట, కప్పనుకుంట మా దిమాక్ తింటది" అంది. తల్లి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు. పిల్ల రోడ్డు మీద చదివి, మోసుకెళ్లి తల్లికి చెప్పేది. పలక పట్టని ఆ మనిషి పత్తి ఏరుతూ ఏరుతూ రోజంతా ఆ లెక్కను నమిలి, సాయంత్రానికి తేల్చేది. సగం బావి ఆమెదే, నేను తప్పు గుర్తు వేసిన పత్తి కూడా ఆమెదే.

నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. మరి పులి, మేక లెక్క తేలిందా అని అడిగాను. ఆమె నా వంక చూసింది, కూతురి వంక చూసింది, కాసేపు చేతిలో పత్తి గింజలు తడుముకుంటూ నిలబడి, "లేదు టీచరమ్మా, గదొక్కటి తెగుతలేదు" అంది. దొరికిందిరా అనుకున్నాను! జవాబు ఇక్కడ చెప్పనని, రేపు పిల్లను బడికి పంపితే సాయంత్రానికి తనే తెస్తుందని, ఎల్లుండికి ఇంకొకటి తెస్తుందని బేరం పెట్టాను. "మంచిది తియ్" అని ఆమె మళ్లీ సాలులోకి వంగింది.

మర్నాడు పిల్ల బడికి వచ్చింది, ఆ తర్వాత మానలేదు. రోజూ పోయేటప్పుడు నోటుపుస్తకం చివరి పేజీలో ఒక లెక్క రాసి పంపేదాన్ని, తల్లి జవాబు పొద్దున్నే పిల్ల నోట వచ్చేది. నా దగ్గరి సరుకు ఒడిసిపోయి, ఆదివారాలు జగిత్యాలలో పాత పుస్తకాల దుకాణాలు వెతకవలసి వచ్చింది. ఎర వేసి ఎట్లా పట్టానో స్టాఫ్ రూమ్‌లో ఎన్నిసార్లు చెప్పుకుని మురిశానో లెక్కలేదు. తర్వాత తెలంగాణ వచ్చింది, పిల్ల హాస్టల్‌కు వెళ్లింది, నాకు బదిలీ అయింది.

పోయినేడు ఒక పెళ్లికి వెళ్లి వస్తూ కోరుట్ల బస్టాండులో కూర్చుంటే, పక్కన ఒకామె వచ్చి నా చేయి పట్టుకుంది. ఆ తల్లే, జుట్టు నెరిసింది. బిడ్డ నర్సు చదువు చదివి సిరిసిల్లలో ఒక దవాఖానలో చేస్తోందట, చూసి రావడానికి పోతోందట. నాకు ఆనందం పట్టలేదు. ఆనాడు పులినీ మేకనూ చూపించి నిన్నెట్లా బుట్టలో వేశానో గుర్తుందా అని గొప్పగా అడిగాను. ఆమె ముసిముసిగా నవ్వింది.

"గా లెక్క నాకు అప్పటికే తెగింది టీచరమ్మా. మేకను మల్ల ఎనుకకు తెచ్చుడే గదా" అంది.

మరి తెలియదని ఎందుకన్నావని అడిగాను.

"అంతెండల నడిచొస్తివి. కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటివి. నిన్ను ఉత్తచేతుల తోలబుద్ధి గాలే" అంది.

ఇంతలో సిరిసిల్ల బస్సు వచ్చింది. ఆమె సంచి అందుకుని ఎక్కి, కిటికీలోంచి చేయి ఊపింది.

ఇప్పుడు ఏ లెక్కకైనా జవాబు అరనిమిషంలో దొరుకుతుంది, దొరికిన వాళ్లు అందరికన్నా ముందు చెప్పేయాలని తొందరపడతారు, గ్రూపులో నేనూ అంతే. తెలిసిన జవాబును ఎదుటి మనిషి కోసం మింగి, నాకు తెలియదు అనగలిగిన మనుషులు ఆ రోజుల్లో మా మధ్య ఉండేవాళ్లు, మేం గమనించలేదు. ఆ పిల్లను బడికి తెచ్చానని ఇన్నేళ్లు మురిసిపోయాను. ఎండ తగ్గాక వచ్చి వెనక బెంచీలో కూర్చో చెల్లే అని ఆ తల్లిని ఒక్కసారైనా పిలవాలని మాత్రం నాకు తట్టనే లేదు.