ఓపెన్లనా, క్లోజ్లనా

మా ఇంటాయన మస్కట్ల ఏసీలు బిగించే పని చేస్తుండె. తెలంగాణ లొల్లి జోరు మీదున్న ఏడు, ఎండకాలం ఛుట్టికి వచ్చినప్పుడు పాత కిటికీ ఏసీ ఒకటి కొని మా కోరుట్ల ఇంట్ల బిగించిండు. మాకు ఐదేండ్ల బిడ్డ. దానికి దమ్ము. ఉక్కపోస్తే ఊపిరాడక పక్కటెముకలు ఎగిరెగిరి పడుతుండె. "ఇది బిడ్డ కోసం, ఇంకెవ్వలి కోసం కాదు" అని చెప్పి మల్ల పోయిండు.

ఏసీ ముందల చిన్న పుల్ల లెక్క ఒకటి ఉంటది. అటు జరపొచ్చు, ఇటు జరపొచ్చు. దాని గురించి చెప్పనే లేదు మా ఆయన. పక్కన ఇంగ్లీషు రాత. పదో తరగతి చదివే పక్కింటి పిల్లతోటి చదివిస్తే ఓపెన్, క్లోజ్ అన్నది. ఓపెన్ అంటే తెరుసుడట. ఏం తెరుసుడో దానికీ తెల్వదు! తెరిస్తే బయటి ఎండ లోపటికొస్తదా, లోపటి సల్లదనం బయటికి పోతదా? ఫోన్ల అడిగితే మా ఆయన, "క్లోజ్ల పెట్టు, సల్లదనం ఆగుతది" అన్నడు. వైర్లు చూడొచ్చినాయన, "ఓపెన్ల పెట్టమ్మా, గాలి మారుతది" అన్నడు. ఇద్దరూ పని తెలిసినోళ్లే. ఎవ్వలి మాట నమ్మాలె? ఇంటాయన మాటనే విని క్లోజ్ల పెట్టిన.

ఇగ బీడీల ముచ్చట. బీడీలు చేసేటోళ్లం ఫ్యాను కింద కూసోం, తంబాకు ఎగిరిపోతది. ఎండకాలమంత చెమటల నానుకుంటనే చేస్తం. ఏసీ గాలి మీదికి మలిపితే చాటల తంబాకు కదలకపాయె! అవ్వో, ఇంతకన్న సుఖమేమున్నది? కరెంటు ఉన్నంతసేపు చాట పట్టుకొని లోపటనే కూసున్న. నన్ను చూసి మా అత్త వచ్చింది, వాడకట్టు ఆడోళ్లు ఇద్దరు వచ్చిన్రు. తలుపు మూసుకొని ముచ్చట్లు పెట్టుకుంట చేసినం. బిడ్డ మా నడుమనే పండుకుంటుండె. మా ఆయనకు గీ ఒక్కటి చెప్పలే.

పది దినాలకు బిడ్డకు దగ్గు ఎక్కువైంది. "సల్లదనం పడ్తలేదు" అన్నది అత్త. ఏసీ ఆపితే ఉక్కకు దమ్ము, పెడితే దగ్గు. పెనం మీదికెల్లి పొయ్యిల పడ్డట్టయింది. నాకైతే గా పుల్ల మీదనే అనుమానం. పొద్దుగాల ఓపెన్ల పెట్టిన, మాపటికి క్లోజ్ల పెట్టిన, ఓసారి నడుమ గూడ ఆపి చూసిన. ఏం సమజ్ కాలే. నా మొకం మండ, ఏడుపొచ్చింది. విసుగొచ్చి మల్ల క్లోజ్లనే వదిలేసిన.

అంతల వరుసగ బందులు పడ్డయి. బీడీ కార్ఖానా మూసిన్రు, ఆకు లేదు, తంబాకు లేదు. ఆడోళ్లందరు రోడ్డు మీద వంటావార్పుకు పోయిన్రు. నేను బిడ్డ కాడనే ఉన్న. బస్సులు లేవు, దమ్మెక్కువైతే జగిత్యాల దవాఖానకు ఎట్ల పోవాలె అని గుండె చేతుల పట్టుకొని కూసున్న. మూడు దినాలు గడిచినయి. బిడ్డ ఒక్కసారి దగ్గలే! లేసి చూసిన, ఏసీ నడుస్తనే ఉన్నది, పుల్ల క్లోజ్లనే ఉన్నది. మరేం మారింది?

నాలుగో దినం కార్ఖానా తెరిచిన్రు. చాటలు లోపటికొచ్చినయి. గంట గూడ గాలేదు, బిడ్డ దగ్గుడు షురువు జేసింది. నా చేతిల బీడీ అట్లనే ఆగింది.

మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పిన. "క్లోజ్ల పెడితే రూముల గాలే మల్ల మల్ల తిరుగుతదే" అన్నడు. "ఓపెన్ల పెట్టినా జరంత గాలే బయటికి పోతది. గంత తంబాకు యాడికి పోతది?" తిట్టలే. తిడితే బాగుండు అనిపించింది.

చాటలన్ని బయట అరుగు మీదికి తెచ్చినం. చెమటలు కార్చుకుంట బీడీలు చేస్తుంటే బిడ్డ తలుపు తీసి పిలిచింది.

"అమ్మా, లోపట సల్లగున్నది. నా పక్కన పండుకో రా."

లేసి తలుపు కడప దాకా పోయిన. కొంగు ముక్కు కాడ పెట్టుకొని చూసుకున్న. అంతా తంబాకే.

"తానం జేసొస్త బిడ్డా" అన్న. "అందాక నువ్వు తలుపెయ్యి."