పేరంటానికి రంగం గంధం

నా చిన్నప్పుడు నాకొక మనిషి మీద పగ ఉండేది. పిల్లల కోపం కాదండోయ్, అన్నం సయించనివ్వని పగ. ఆవిడ మా ఎదురింటి అత్తయ్యగారు.

నేను పుట్టింది రంగూన్‌లో. మావాళ్లు దాన్ని రంగం అనేవారు. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవారు. పరాయివాళ్లు ఇక ఉండక్కర్లేదని అక్కడి ప్రభుత్వం అనేసరికి ఓడెక్కి, కొత్తపేట దగ్గర మా తాతయ్యగారి ఊరికి వచ్చేశాం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఇక్కడైనా సొంతవాళ్లమవుతామని మా అమ్మ ఆశ. వారం తిరక్కుండానే ఊరంతా నన్ను రంగం పిల్ల అనడం మొదలుపెట్టింది.

అక్కడి ఆడపిల్లలందరిలాగే నేనూ రోజూ బుగ్గలకి తనకా పూసుకునేదాన్ని. అదొక చెట్టు చెక్క. గంధంచెక్కలాగే సాన మీద నీళ్లు చిలకరించి అరగదీయాలి. తడిగా ఉన్నంతసేపూ అచ్చం గంధమే, ఆరాక మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా తేలుతుంది. నేను తెచ్చుకున్నది జానెడు ముక్క ఒక్కటే. అయిపోతే మళ్లీ దొరకదు. అందుకే వేలికొసకి అంటినంతే తీసి పూసుకునేదాన్ని. ఆ వాసన ఉన్నంతసేపూ మా రంగం వీధి నాతోనే ఉన్నట్టుండేది.

శ్రావణ శుక్రవారం ఎదురింట్లో పేరంటం. అత్తయ్యగారు వరసగా అందరికీ కాళ్లకి పసుపు, నుదుట బొట్టు, మెడకి గంధం రాసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. "దీనికెందుకండీ గంధం? ఇంట్లోనే బూడిద పూసుకునొచ్చేసింది కదా!" అని నన్ను దాటేసి పక్కపిల్లకి రాశారు. పేరంటంలో మనిషిని దాటేస్తే వాకిట్లోంచి గెంటేసినట్టే. గదంతా గొల్లున నవ్వింది. మర్నాటి నుంచి బళ్లో పిల్లలు నన్ను 'బూడిద మొహం' అని పిలవసాగారు.

మా మామ్మకి నా పూత ఎప్పుడూ నచ్చేది కాదు. ఇదెక్కడి అలవాటే అని సణిగేది. ఆ రోజు మాత్రం చెక్క తెమ్మని అరచేతిలో బరువు చూసింది.

"వచ్చే శుక్రవారం మనింట్లో పేరంటం పెడతాను. ఆడాళ్లందరికీ ఇదే రాయాలంటే ముక్కంతా అరిగిపోద్దే. ఇంకోటి తేలేను. నీకు చెక్క కావాలా, ఆవిడ మొహం కావాలా?"

రెండు రోజులు ఆ ముక్కని లంగా కుచ్చెళ్లలో దోపుకుని తిరిగాను. మూడోరోజు, ఆవిడ మొహమే కావాలన్నాను.

శుక్రవారం పొద్దున్న చెక్క నేనే అరగదీశాను. చేతులు లాగేశాయి. చివరికి గోరంత ముక్క మిగిలింది. మామ్మ ఆ ముద్దని వెండి గిన్నెలోకి తీసి, మొదట తన బుగ్గలకే రాసుకుంది. ఊళ్లో మామ్మ మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. "ఉక్కపోసేస్తందమ్మా, బుగ్గలకి కూడా రాయించుకోండి" అంటూ అత్తయ్యగారి దగ్గర మొదలుపెట్టి, రెండు బుగ్గలకీ దిట్టంగా పట్టించింది.

"ఎంత చల్లగా ఉందండీ! ఏ ఊరి గంధమండీ ఇది?" అని ఆవిడ మురిసిపోయారు.

మామ్మ తొందరపడలేదు. శనగలూ తాంబూలాలూ పంచింది. ఈలోగా పూత ఆరి ఆవిడ మొహం తెల్లబడింది. అప్పుడు చెప్పింది: "రంగం గంధమండీ. మా మనవరాలిది. మొన్న మీరు బూడిదన్నారు చూడండి, అదే."

పేరంటంలో రాసిన గంధం ఆ ఇంటి గడప లోపల తుడుచుకుంటే ఇల్లాలిని అవమానించినట్టే. అత్తయ్యగారు అలాగే లేచి వీధిలోకి దిగారు. సరిగ్గా బడి వదిలిన వేళ. "బూడిద మొహం!" అని అరిచాడొక పిల్లాడు. తర్వాత అందరూ అందుకున్నారు. ఆవిడ తలుపు మూసుకునేదాకా నేను అరుగు మీద నిలబడి చూశాను. అబద్ధమెందుకు, కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత ఏ పేరంటంలోనూ నన్నెవరూ దాటెయ్యలేదు. అభిమానంతో కాదు, భయంతో. నాకదే చాలింది. మా పేరంటం మర్నాడు పొద్దున్నే మాత్రం అలవాటుగా చెక్క కోసం చెయ్యి చాపి, అరిగిపోయిందని గుర్తొచ్చి ఎక్కెక్కి ఏడ్చాను. అయినా మామ్మ మళ్లీ అడిగితే అదే చెప్పేదాన్ని.

ఇప్పుడు మా అమ్మాయి కువైట్‌లో పనిచేస్తుంది. అక్కడే పుట్టి పెరిగిన దాని కూతుర్ని ఈ ఏడే నా దగ్గర బళ్లో వేశాం. మొన్న కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. కువైట్ పిల్లవి, ఆటలోకి రాకు అన్నారట. కుంకుమ బరిణెలో ఇన్నేళ్లుగా దాచుకున్న ఆ గోరంత ముక్కని దాని చేతిలో పెట్టి, ఏం సాధించానో, దానికి ఏం పోగొట్టుకున్నానో అంతా చెప్పాను. అది శ్రద్ధగా విని కళ్లు తుడుచుకుంది.

"అమ్మమ్మా, మనింట్లో పేరంటం ఎప్పుడు?"

వచ్చే శుక్రవారమే అన్నాను.